తెలుగు క్రైమ్ రచయితలకు బహిరంగ లేఖ: శవంతో పాటు ఫైలునీ చూపించండి

నవలలు, ఓటీటీ సిరీస్‌లు, సినిమాలు, ఆడియో కథలు, ఏ రూపంలోనైనా సరే తెలుగులో హత్యా పరిశోధన కథలు రాస్తున్న మీ అందరికీ నమస్కారం.

నేను ఆంధ్రాలో ఒక జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని. అద్దె పుస్తకాల షాపులు ఉన్న రోజుల నుంచీ డిటెక్టివ్ నవలలు చదువుతున్నాను, ఇప్పటికీ కొత్త క్రైమ్ సిరీస్ వచ్చిందంటే రాత్రి మేలుకుని చివరి ఎపిసోడ్ దాకా చూస్తాను. మీరు రాసేది లక్షల మంది నమ్ముతారు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. పోలీసు అవినీతి గురించి మీరు చాలా రాస్తున్నారు, కానీ అది నిజంగా జరిగే చోటికి వెళ్ళడం లేదు.

మీ కథల్లో అవినీతి సీఐ ఎలా ఉంటాడో ఒకసారి గుర్తు చేసుకోండి. మెడలో లావుపాటి గొలుసు, మంత్రి బామ్మర్దితో ఫోన్లో నవ్వులు, ఫామ్‌హౌస్‌లో డబ్బు సంచి. చెడ్డవాడని మొదటి సీన్‌లోనే తెలిసిపోతుంది. ఇటుపక్క నిజాయితీ గల ఏసీపీ ఉంటాడు. ఆయన అనుమానితుణ్ని లాకప్‌లో వేలాడదీసి కొడతాడు, పది నిమిషాల్లో నిజం కక్కిస్తాడు, చివర్లో హంతకుణ్నీ ఆ సీఐనీ కాల్చేస్తాడు, హాల్లో ఈలలు పడతాయి. నా దృష్టిలో ఈ ఇద్దరిదీ ఒకటే తప్పు. ఒకడు డబ్బు కోసం చట్టాన్ని పక్కన పెట్టాడు, రెండోవాడు తన కోపం కోసం పక్కన పెట్టాడు. లాకప్‌లో దెబ్బలు తింటున్న మనిషికి కొడుతున్నవాడు నిజాయితీపరుడా కాదా అన్నది అనవసరం.

అసలు అవినీతి కాగితం మీద జరుగుతుంది. ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది మీ కథల్లో నాకు దాదాపుగా ఎక్కడా కనబడలేదు.

అత్తవారింట్లో ఒకమ్మాయి చనిపోయిందనుకోండి, పెళ్ళయి నాలుగేళ్ళు. తండ్రి స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చి మా పిల్లని చంపేశారు సార్ అంటాడు. ఆయనకి రాయడం సరిగా రాదు, అంత దుఃఖంలో మాట కూడా రాదు. పక్కన ఎవరో కూర్చుని ఫిర్యాదు రాసిపెడతారు. అందులో ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మూడు ముక్కలు పడ్డాయా, కథ అక్కడితో సగం ముగిసింది. మన జిల్లాల్లో ఈ కడుపునొప్పి ఎంతమంది ఆడపిల్లల్ని చంపిందో లెక్కలేదు. అనుమానాస్పద మృతి కింద కేసు కడతారు, పాత రోజుల్లో 174 అనేవాళ్ళం, ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 194వ సెక్షన్. ఆ తర్వాత శవ పంచనామా. పెళ్ళయిన ఏడేళ్ళలోపు చావు కాబట్టి తహసీల్దార్ రావాలి, వస్తారు కూడా, కానీ చూసేదెవరు, రాసేదెవరు, సంతకం పెట్టేదెవరు? మెడ మీద మచ్చ ఏటవాలుగా చెవి వైపు పైకి పోయిందా, లేక మెడ చుట్టూ అడ్డంగా గుండ్రంగా ఉందా అన్నది ఉరి వేసుకోవడానికీ ఉరి బిగించడానికీ మధ్య ముఖ్యమైన తేడా. పంచనామాలో ఆ వాక్యం ‘మెడపై గుర్తు కలదు’ అని ఆగిపోతే చాలు. ఎవరూ అబద్ధం రాయలేదు. నిజం పూర్తిగా రాయలేదు, అంతే.

తర్వాత విసెరా, అంటే పరీక్ష కోసం శవం నుంచి తీసిన లోపలి అవయవాల ముక్కలు, ల్యాబ్‌కి ఆలస్యంగా వెళుతుంది. సీలు మీద సంతకం లేదంటారు. పక్కింటామె అర్ధరాత్రి అరుపులు విందని చెప్పినా ఆమె వాంగ్మూలం రాయరు, రాసినా పోలీసుల దగ్గర ఇచ్చే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు కాబట్టి అందులో ఏం రాశారో ఆమెకి కోర్టులో బోనెక్కేదాకా తెలియదు. హత్య కేసులో నిందితుడు రిమాండ్‌లో ఉండగా 90 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యకపోతే అతనికి బెయిల్ హక్కుగా వస్తుంది. తొంభై ఒకటో రోజున ఛార్జిషీటు వేసిన కేసులు నేను చూశాను. ఆ ఒక్క రోజు ఆలస్యం వెనక ఏముందో ఎవరూ అడగరు. పని ఒత్తిడి అంటారు. నిజంగా పని ఒత్తిడే కావచ్చు కూడా, అందుకే పట్టుకోవడం అంత కష్టం.

ఫైళ్ళు చూపిస్తే బోర్ కొడుతుందని మీలో చాలామంది అనుకుంటారు, నిర్మాతలు కూడా మీతో అదే అంటారు. నేను ఒప్పుకోను. హత్య లాంటి పెద్ద నేరం జరిగితే ఎఫ్‌ఐఆర్ కాపీ వెంటనే మేజిస్ట్రేట్‌కి చేరాలి, మేము దాన్ని ఎక్స్‌ప్రెస్ ఎఫ్‌ఐఆర్ అంటాం. దాని మీద మేజిస్ట్రేట్ తనకు ఎప్పుడు అందిందో టైము వేసి సంతకం పెడతారు. స్టేషన్లో కేసు కట్టింది పొద్దున్న 8 గంటలకని ఉండి, మేజిస్ట్రేట్ సంతకం మర్నాడు సాయంత్రానిది అయిందనుకోండి. స్టేషన్ నుంచి కోర్టుకి రెండు కిలోమీటర్లు. ఆ మధ్యలో ముప్పై పైచిలుకు గంటలు ఏం జరిగింది? ఎవరి పేరు తీశారు, ఎవరి పేరు చేర్చారు, స్టేషన్‌కి ఎవరెవరు వచ్చి వెళ్ళారు, కోర్టు డ్యూటీ కానిస్టేబుల్‌కి ఆ కవరు ఎన్నింటికి ఇచ్చారు? దీని మీద ఒక పూర్తి నవల రాయొచ్చు. సెషన్స్ కోర్టులో మంచి డిఫెన్స్ లాయర్ ఈ ప్రశ్న అడుగుతున్నప్పుడు దర్యాప్తు అధికారి నుదుటి మీద చెమట చూసినవాళ్ళకి తెలుస్తుంది అందులో ఎంత టెన్షన్ ఉందో.

ఇక నేరం ఒప్పుకోవడం సంగతి. మీ కథల్లో ముగింపు ఎప్పుడూ అదే, ముద్దాయి ఏడుస్తూ అంతా చెప్పేస్తాడు. టీవీ వార్తల్లోనూ ముఖాలకి ముసుగులు వేసి వరసగా నిలబెట్టి, విచారణలో నేరం అంగీకరించారు అని చెప్తారు. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో సాక్ష్యం కాదని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్లోనూ అదే ఉంది. ఇంగ్లీషువాళ్ళు కూడా మన పోలీసు లాకప్‌లో పుట్టిన మాటని నమ్మలేదన్నమాట. దానికి ఉన్న ఒకే ఒక్క సందు, నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువో విషయమో బయటపడితే ఆ మేరకు మాత్రం తీసుకోవచ్చు.

ఈ సందు ఎంతవరకు అన్నది తేల్చిన కేసు మన గుంటూరు జిల్లాది. 1940ల్లో అక్కడ జరిగిన ఒక కొట్లాట, హత్యల కేసు అప్పట్లో మన ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది, పులుకూరి కోటయ్య కేసని దేశంలో ఏ క్రిమినల్ లాయర్ని అడిగినా చెప్తాడు. ఈటెతో పొడిచాను, దాన్ని ఫలానా చోట దాచాను, చూపిస్తాను అని నిందితుడు చెప్తే, దాచిన చోటు అతనికి తెలుసు అన్నంత వరకే సాక్ష్యం, ‘పొడిచాను’ అన్న ముక్క పనికిరాదు అని ఆ తీర్పు సారాంశం. ఇప్పటికీ దేశమంతా ఏ మూల రికవరీ, అంటే నిందితుడు చూపించిన వస్తువు స్వాధీనం, ఉన్న కేసు వాదించినా ఆ పేరు వినబడుతుంది. మన పల్లెటూరి కోర్టు కథ ఇంత పెద్దదైతే మనవాళ్ళు దాని మీద కల్పన రాయకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ సందులోంచే దొంగ రికవరీలు వస్తాయి. కత్తి ముందే పోలీసుల దగ్గర ఉంటుంది, తర్వాత నిందితుణ్ని తీసుకెళ్ళి చూపించినట్టు పంచనామా రాస్తారు. దాని మీద మధ్యవర్తిగా సంతకం పెట్టడానికి వీఆర్వో ఉంటాడు, లేదా స్టేషన్‌తో రోజూ పని పడే ఎవరో ఒకరు. ఆ మధ్యవర్తి బోనెక్కి, నన్ను స్టేషన్‌కి పిలిచి సంతకం పెట్టమన్నారు, పెట్టాను అన్నాడంటే కేసు పోయింది. అసలు హంతకుడే ముద్దాయి అయినా పోయింది. అబద్ధపు సాక్ష్యం అమాయకుణ్ని జైల్లో వెయ్యడమే కాదు, దోషిని ఇంటికి కూడా పంపిస్తుంది. ఈ రెండో సగం మీ కథల్లో అస్సలు ఉండదు. కోర్టు వదిలేసిందంటే జడ్జి అమ్ముడుపోయాడని, లాయర్ దుర్మార్గుడని చూపిస్తారు. స్టేషన్లో ఏం జరిగిందో అక్కడ చూపించరు.

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్‌లో హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఆ అమ్మాయి పేరు నేను రాయను, మీరూ రాయొద్దు. 2008లో ఒక పేద దళిత కుర్రాణ్ని పట్టుకున్నారు. ఆ కుర్రాడు చేసింది కాదని చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే మొదటి నుంచీ చెబుతూ వచ్చారు, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి, కూతుర్ని పోగొట్టుకున్నవాళ్ళు ముద్దాయి తరఫున మాట్లాడారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది. అప్పటికి అతను ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్ళింది, తీరా చూస్తే కింది కోర్టులో ఉండాల్సిన కేసు ఆధారాలు ధ్వంసమైపోయాయి. 2019 డిసెంబర్‌లో తెనాలిలో ఆ అమ్మాయి అస్థికలు బయటికి తీసి మళ్ళీ పరీక్ష చేశారు. పన్నెండేళ్ళ తర్వాత ఒక తల్లి అది చూడాల్సి వచ్చింది.

ఈ కేసుని యథాతథంగా తీసి సినిమా చెయ్యమని నేను అనడం లేదు, అలా చెయ్యకుండా ఉంటేనే ఆ కుటుంబాలకి మంచిది. కానీ ఇలాంటి కేసులో అందరికంటే ముఖ్యమైన పాత్ర ఎవరో చూడండి. ఒత్తిడి పెరిగిపోతుంటే ఎవరో ఒకరిని చూపించాలి అని నిర్ణయం తీసుకున్న ఆ సాయంత్రం ఏదో ఒక ఆఫీసు గదిలో ఉన్న మనుషులు. వాళ్ళలో లంచం తీసుకున్నవాడు ఒక్కడూ ఉండకపోవచ్చు. పైనుంచి ఫోన్లు, టీవీల్లో చర్చలు, బదిలీ భయం, వీటితోనే పని జరిగిపోతుంది. అలాంటి గది కథ రాయగల రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.

2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం, దిశ కేసు, మీకందరికీ గుర్తుంది. నేను గుర్తు చేయాలనుకుంటున్నది ఆ రాత్రి స్టేషన్లో జరిగింది. కూతురు కనబడటం లేదని వెళ్ళిన కుటుంబాన్ని ఇది మా పరిధి కాదంటూ తిప్పారన్న ఆరోపణ వచ్చింది, ముగ్గురు పోలీసుల్ని సస్పెండ్ చేశారు. నేరం ఏ పరిధిలో జరిగినా ముందు జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే, పరిధి ఉన్న స్టేషన్‌కి తర్వాత పంపొచ్చు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు తినిపించారు. ఆ పూల కింద పరిధి ప్రశ్న కప్పబడిపోయింది. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది: చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలని, చనిపోయినవాళ్ళలో ముగ్గురు అప్పటికి మైనర్లని అందులో ఉంది. ఆ నివేదిక వచ్చిన రోజు ఎవరూ రోడ్డు మీదకు రాలేదు.

ఆ పూలు చల్లిన చేతులకి ఆ పని ఎవరు నేర్పారని నేను చాలాసార్లు ఆలోచించాను. మీరొక్కరే నేర్పారని అనను. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలుగుతున్న కేసులు నేర్పాయి, అందులో మా లాయర్ల వాయిదాల పాత్రా ఉంది. కానీ విచారణ అంటే టైం వేస్టు, తూటా అంటే న్యాయం అని కొన్ని దశాబ్దాలుగా ప్రతి శుక్రవారం చెబుతూ వచ్చింది మన కథలే. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఒక మహిళ మీద అత్యాచారం, ఆమె భర్త చావు జరిగితే ఇదే నగరం పోలీసుల మీద తిరగబడింది, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది, జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. స్టేషన్ గోడల వెనక ఏం జరిగిందని అడిగిన ఊరు మనది. నలభై ఏళ్ళలో అడగడం మానేసి పూలు చల్లే దాకా ఎలా వచ్చామో ఒక మంచి నవల చెప్పగలదు, ఏ కమిషనూ చెప్పలేదు.

పోలీసులందరూ చెడ్డవాళ్ళని రాయమని అడుగుతున్నానని అనుకోకండి. నేను రోజూ వాళ్ళతో పనిచేస్తాను. స్టేషన్లో తెల్లకాగితాల కట్ట ఫిర్యాదుదారే కొనుక్కురావడం, జీపులో డీజిల్ ఎవరో పోయించడం, గుర్తు తెలియని శవాన్ని మార్చురీకి చేర్చడానికి కానిస్టేబుల్ జేబులోంచి ఖర్చు పెట్టడం, ఇవన్నీ చూశాను. మామూళ్ళు ఇక్కడి నుంచే మొదలవుతాయి, స్టేషన్ నడపడానికి అని మొదలై ఇల్లు కట్టుకోవడానికి అని పెరుగుతాయి. దర్యాప్తుని శాంతిభద్రతల పని నుంచి వేరు చెయ్యాలని, స్టేషన్ అధికారికి రెండేళ్ళు కదపకుండా పోస్టింగ్ ఇవ్వాలని, ఫిర్యాదులకి ప్రత్యేక అథారిటీ పెట్టాలని సుప్రీంకోర్టు ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే చెప్పింది. ఇప్పటికీ సీఐ పోస్టింగ్ అంటే ఏ ఎమ్మెల్యే సిఫారసు అని ముందు అడుగుతారు. హత్య కేసు సగంలో ఉండగా దర్యాప్తు అధికారి (ఐఓ) బందోబస్తుకి వెళ్తాడు, తిరిగొచ్చేసరికి బదిలీ. కొత్త ఆయన ఫైలు మొదటి నుంచీ చదవాలి. ఈ బదిలీల మధ్య ఒక కేసుని బతికించుకోవాలని చూసే ఏఎస్ఐ పాత్ర రాస్తే దానికి విలన్ కూడా అక్కర్లేదు.

తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో 2020 జూన్‌లో లాక్‌డౌన్ టైం దాటి షాపు తెరిచారని ఒక తండ్రినీ కొడుకునీ స్టేషన్‌కి తీసుకెళ్ళి కొట్టారు, ఇద్దరూ చనిపోయారు. విచారణకి వెళ్ళిన మేజిస్ట్రేట్‌కి సీసీ కెమెరా ఫుటేజీ దొరకలేదు, ఏ రోజుది ఆ రోజు చెరిగిపోయేలా సెట్ చేసి ఉంది. అదే స్టేషన్లో పనిచేసే ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ ఆ రాత్రి తను చూసింది మేజిస్ట్రేట్‌కి చెప్పింది. తోటి పోలీసులు బయట ఉండగా, మర్నాడు మళ్ళీ ఆ మనుషుల మధ్యే బతకాలని తెలిసీ చెప్పింది. మీకు హీరో కావాలంటే ఆమె ఉంది. కండలు లేవు, తుపాకీ పేల్చలేదు, వాంగ్మూలం ఇచ్చి సంతకం పెట్టింది.

ఇంకొక మాట, చనిపోయిన ఆడవాళ్ళ గురించి. హత్య జరిగిన తీరుని మూడు పేజీలు రాసి, ఆ మనిషి బతికుండగా ఏం చేసేదో మూడు వాక్యాలు రాయడం దయచేసి ఆపండి. అత్యాచార బాధితురాలి పేరు, ఆనవాళ్ళు బయటపెట్టడం నేరం. కల్పన అని పేరు మార్చి ఊరూ కాలేజీ అవే ఉంచితే ఆ ఇంట్లోవాళ్ళకి తెలియకుండా ఉండదు.

రాయడానికి సరుకు లేదని మాత్రం అనకండి. సెషన్స్ కోర్టులో విచారణ చాలావరకు బహిరంగంగానే జరుగుతుంది, ఎవరైనా వెనక బెంచీ మీద కూర్చోవచ్చు, ఒక హత్య కేసులో మొదటి సాక్షి నుంచి ఐఓ క్రాస్ ఎగ్జామినేషన్ దాకా వినండి. సున్నితమైనవి తప్ప ఎఫ్‌ఐఆర్‌లు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, చదవండి. ఈ-కోర్ట్స్‌లో తీర్పులు ఉన్నాయి, నిర్దోషి అని వదిలేసిన తీర్పులు ముందు చదవండి, దర్యాప్తు ఎక్కడ చెడిందో జడ్జిగారు పేరా పేరాకీ రాస్తారు. లంచం తీసుకునేవాళ్ళని పట్టుకునే ఏసీబీ ట్రాప్ ఎలా జరుగుతుందో తెలుసుకోండి, ఫినాఫ్తలీన్ పూసిన నోట్లు ముట్టుకున్న చేతులు సోడా ద్రావణంలో ముంచగానే ఆ ద్రావణం గులాబీ రంగుకి తిరగడం కంటే సినిమాకి మంచి షాట్ ఏముంటుంది? కొత్త చట్టం ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలి, ఏ నేరంలోనైనా సోదాలూ స్వాధీనాలూ వీడియో తియ్యాలి. ఫోరెన్సిక్ నిబంధనని రాష్ట్రాలు దశలవారీగా అమలు చెయ్యాల్సి ఉంది. ఇక ముందు దొంగ రికవరీ రాయాలంటే ఆ వీడియో ఏమైందో కూడా మీరు రాయాలి, మీ కథలకి ఇదొక కొత్త మలుపు.

మీ స్క్రిప్టులో ఎక్కడైనా చట్టం విషయం, స్టేషన్ పద్ధతి, కోర్టు పద్ధతి అనుమానంగా ఉంటే మీ ఊరి బార్ అసోసియేషన్‌కి వెళ్ళి ఏ క్రిమినల్ లాయర్నైనా అడగండి. మధ్యాహ్నం లంచ్ టైంలో దొరుకుతాం. నేనైతే ఫీజు తీసుకోను, మీ మొదటి డ్రాఫ్ట్ చదివి పెడతాను, పంచనామా సీన్ ఉంటే దాన్ని రెండుసార్లు చదువుతాను.

ఇట్లు,
జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూసే మీ పాఠకుడు